క్రెస్సీ లియొనార్డో: ఒక్క బటన్ డైవ్ కంప్యూటర్

డైవ్ కంప్యూటర్ అంటే నీటి అడుగున లోతు, సమయం లెక్కగట్టి హెచ్చరించే చేతి పరికరం. అద్దె కంప్యూటర్లతో విసిగిన కొత్త డైవర్లకి ఇది సరిపోతుంది. అంకెలు పెద్దవి, మసక నీళ్లలోనూ చదవొచ్చు. బటన్ ఒక్కటే. సుఖమూ అదే, చిరాకూ అదే: నైట్రాక్స్ (మామూలు గాలి కన్నా ఆక్సిజన్ ఎక్కువున్న గ్యాస్) శాతం పెట్టేటప్పుడు ఒక్క నొక్కు ఎక్కువైతే అంకెలన్నీ మళ్లీ మొదటినుంచి తిప్పాలి. పడవ ఊగుతుండగా కాదు, ఒడ్డునే పెట్టుకోండి.

ఈ సెట్టింగ్ మరిచిపోతే ప్రమాదం. లోతుకి పోయేకొద్దీ ఆక్సిజన్ పీడనం పెరిగి విషమవుతుంది; దానికి పెట్టుకున్న 1.4 బార్ హద్దు ప్రకారం 32 శాతం ఆక్సిజన్ ఉన్న గ్యాస్‌తో 33 మీటర్లు దాటకూడదు. కంప్యూటర్ 21 శాతం దగ్గరే ఉండిపోతే మామూలు గాలి అనుకుని 56 మీటర్ల దాకా ఆక్సిజన్ గురించి నోరు మెదపదు.

సీఆర్ 2430 బ్యాటరీ మనమే మార్చుకోవచ్చు, డైవ్‌ల మధ్య మాత్రం వద్దు. ఓ-రింగ్ (బ్యాటరీ మూత దగ్గర నీరు ఆపే రబ్బరు రింగు) మీద వెంట్రుక ఇరుక్కున్నా నీరు చేరుతుంది. తుడిచి సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. సిలిండర్‌లో గ్యాస్ ఎంత మిగిలిందో ఇది చూపదు, ప్రెషర్ గేజ్ తప్పనిసరి. దిక్సూచీ లేదు. వయసు పైబడినవాళ్లు, చాలాకాలానికి దిగేవాళ్లు సేఫ్టీ ఫ్యాక్టర్ (కంప్యూటర్ ఎంత జాగ్రత్తగా లెక్కగట్టాలో చెప్పే సెట్టింగ్) 0 వదిలి 1 గానీ 2 గానీ పెట్టుకోవడం మేలు. అండమాన్‌లో వరస డైవ్‌లు చేస్తే, తిరుగు విమానానికి కనీసం 18 గంటల ముందే ఆపేయండి.