జామ కొమ్మ: తుంచాలా, వంచాలా?

బెంగళూరు 30×40 సైటులో ఇల్లు పోగా మిగిలిన కాస్త పెరట్లో, రెండేళ్ల జామ మొక్క వానలకు నిట్టనిలువు కొమ్మలు తోస్తుంటే దారులు రెండు: కొమ్మను తుంచడం, లేదా వంచి తాడుతో మేకుకు కట్టడం.

ఖర్చు: తుంచడానికి పదునైన కత్తెర. వంచడానికి తాడుముక్క, మేకు.

శ్రమ: కత్తిరింపు పది నిమిషాల పని. కానీ కోసినచోట గుంపుగా చిగుళ్లు లేస్తాయి, మళ్లీ పలచన చేయాలి. వంచితే తాడు బెరడును కోయకుండా అప్పుడప్పుడు వదులు చేస్తుండాలి.

కాపు: జామ పూసేది కొత్త చిగుళ్ల మీదే, కాబట్టి రెండూ పనికొస్తాయి. వంచినప్పుడు ఆకు పోదు. కొమ్మ పొడవునా కణుపుల్లో చిగుళ్లు పుట్టి పూత పడుతుంది. తుంచితే ఆ ఏడు కాయలు తగ్గినా చెట్టు గుబురుగా, గట్టిగా తయారవుతుంది.

ప్రమాదం: ముసురులో కోస్తే గాయానికి తెగులు పట్టొచ్చు. తెరిపిచ్చాక కోసి, పెద్ద గాయాలకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. ముదురు కొమ్మను వంచితే మొదలు దగ్గర చీలుతుంది.

అంటు కట్టిన చోటుకు కింద మొలిచే చిగురుకు ఈ చర్చే అక్కర్లేదు, పీకేయడమే.

పక్కింటి గోడ ఆనుకుని ఉన్నా, నడుమ కిక్కిరిసినా తుంచండి. చోటుండి, కొమ్మ లేతగా ఉండి, ఇంట్లో పిల్లలు ఉప్పూకారంతో కాచుకు కూర్చుంటే నేనైతే వంచుతాను.