విక్టోరియా వుడ్ ఊళ్ళో మంచి తిండి, మోర్కాంబ్‌లో చెడ్డ బస

96 పౌండ్ల గదికి 143 పౌండ్లు కట్టి వచ్చాం. ఆ మంట ఇంకా తగ్గలేదు. ఆ సంగతి చెప్పేముందు మాంచెస్టర్ దగ్గర, విక్టోరియా వుడ్ పెరిగిన బెరీ గురించి చెప్పాలి, ప్రయాణం పెట్టుకున్నదే ఆ ఊరి కోసం.

విక్టోరియా వుడ్ పేరు బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు. నటి, రచయిత్రి, తన పాటలు తానే రాసుకుని పియానో ముందు కూర్చుని పాడిన మనిషి. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఆసుపత్రి క్యాంటీన్లో పక్కవాళ్ళ మాటలు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆవిడ టీవీ సీరియల్ 'డిన్నర్‌లేడీస్' చూశాకే నా చెవికి ఆ యాస అలవాటైంది. మాంచెస్టర్‌లో ఓ ఫ్యాక్టరీ క్యాంటీను, అందులో పనిచేసే ఆడవాళ్ళ కబుర్లు, కష్టాలు, అంతే కథ. 1998 నుంచి 2000 దాకా వచ్చిన 16 ఎపిసోడ్లూ ఆవిడే రాసింది, ముఖ్య పాత్ర కూడా ఆవిడే వేసింది. అప్పట్నుంచీ ఆవిడంటే నాకు ప్రాణం.

బర్మింగ్‌హామ్ నుంచి కారులో వెళ్ళాం. బెరీలో పార్కింగ్ దొరకడానికే చాలాసేపు పట్టింది. మాంచెస్టర్ విక్టోరియా స్టేషన్ నుంచి ట్రామ్ నేరుగా బెరీకి వస్తుంది, అరగంట ప్రయాణం. అదే మేలు.

విక్టోరియా వుడ్ విగ్రహం లైబ్రరీ తోటలో ఉంది, కంచుది. 2019లో పెట్టారు, చేసింది శిల్పి గ్రాహం ఇబ్బెసన్. "ఈ బొమ్మ కోసమా ఇంత దూరం?" అన్నాడు మా ఆయన. అత్తయ్యగారు మాత్రం కళ్ళజోడు సర్దుకుని, "ఎవరమ్మా ఈవిడ, ఏం చేసింది?" అని అడిగారు. అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పాను.

పుట్టింది 1953లో, పక్కనే ఉన్న ప్రెస్ట్‌విచ్‌లో. పెరిగింది బెరీ ఊరవతల కొండ మీద విసిరేసినట్టున్న ఇంట్లో. రోచ్‌డేల్‌లో పిల్లల నాటక శిక్షణలో చేరాకే తనకు ఏది చేతనవునో తెలిసింది. డ్రామా చదివింది మా బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలోనే. 1974లో కొత్తవాళ్ళ ప్రతిభా పోటీ ఒకటి టీవీలో వస్తే, అందులో ఓ రౌండు నెగ్గినా వెంటనే అవకాశాలేం వరసకట్టలేదు. తర్వాత బీబీసీలో ఓ కార్యక్రమం కోసం ఎప్పటికప్పుడు వార్తల మీద పాట కట్టి పాడేది. నటి జూలీ వాల్టర్స్‌తో జోడీ కుదిరాక ఇంటింటా తెలిసింది. 1993లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌ను 15 రాత్రులు ఒక్కతే నింపింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఓ గృహిణి డైరీల ఆధారంగా తీసిన టీవీ సినిమా 'హౌస్‌వైఫ్, 49' తనే రాసి, తనే నటించి బ్రిటన్ సినిమా, టీవీ వాళ్ళకిచ్చే బాఫ్టా అవార్డులు తెచ్చుకుంది. 2016లో క్యాన్సర్‌తో పోయింది, 62 ఏళ్ళకే. "నా ఈడుదే, పాపం" అన్నారు అత్తయ్యగారు. లేచి విగ్రహం పక్కన నిలబడి ఫొటో తీయమన్నారు. ఎప్పుడూ ఫొటోలంటే తప్పుకునే మనిషి.

దగ్గర్లోనే బెరీ ఆర్ట్ మ్యూజియం, ప్రవేశం ఉచితం, టర్నర్ వేసిన సముద్రతీరం చిత్రం ఉంది. తప్పకుండా చూడండి.

ఇక సంత. బుధ, శుక్ర, శనివారాల్లో వెళ్తేనే మొత్తం చూడగలరు. బెరీ అంటే బ్లాక్ పుడ్డింగ్, పంది నెత్తురుతో చేస్తారు. మా ఆయన అత్తయ్యగారి కంట పడకుండా ఒకటి తిన్నాడు, బాగుందన్నాడు. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. ఆవిడకు ఏం పెట్టాలా అని టెన్షన్ పడుతుంటే బ్లాక్ పీస్ అనే బోర్డు కనిపించింది. ముదురు గోధుమరంగు బఠాణీలు, మెత్తగా ఉడికించి, చిక్కటి రసంతో సహా కప్పులో పోసి, పైన ఉప్పు, వెనిగర్ చల్లి ఇస్తారు. మేం వెళ్ళినప్పుడు కప్పు 2 పౌండ్లు. మాంసం కొవ్వు ఏమైనా వేశారా అని అడిగితే, కొట్టావిడ విసుక్కోకుండా మూత తీసి గిన్నె మా ముందుకు వంచింది. బఠాణీ, నీళ్ళు, ఉప్పు, అంతే. అత్తయ్యగారు ఓ స్పూను నోట్లో పెట్టుకుని, "ఇవి మన గుగ్గిళ్ళేనే అమ్మాయ్! కాస్త ఇంగువ, ఎండుమిర్చి తాలింపు పడితే ఇంకేం కావాలి" అన్నారు. రెండో కప్పు ఆవిడే అడిగి పోయించుకున్నారు. కొట్టావిడ నవ్వి ఆ కప్పు నిండుగా పోసింది. ఈ దేశం వచ్చాక బయట తిండి ఆవిడ ఇష్టంగా తినడం నేను చూసింది అక్కడే.

సాయంత్రానికి మోర్కాంబ్ చేరాం. విక్టోరియా వుడ్ పెళ్ళయిన కొత్తలో అక్కడ కాపురం ఉంది. సముద్రం ఎదురుగా గెస్ట్ హౌస్ అని యాప్‌లో చూసి బుక్ చేశాం. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. కిటికీ తీస్తే వెనక సందులో చెత్త డబ్బాలు. ఇదేంటని అడిగితే "మెట్ల దగ్గర కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందిగా" అన్నాడు యజమాని. రాత్రి తొమ్మిదికి హీటర్ ఆపేశాడు, అత్తయ్యగారు కోటు వేసుకునే పడుకున్నారు. ముగ్గురం ఉంటే కప్పులు రెండు, టీ సంచులు రెండు. ఇంకొకటి అడిగితే రేపు చూద్దామన్నాడు. టీ చరిత్ర చెప్పడానికి చైనా, ఇండియా దాకా తిరిగి బీబీసీకి డాక్యుమెంటరీ చేసిన మనిషి కాపురమున్న ఊళ్ళో, పెద్దావిడకు ఒక్క టీ సంచి ఇవ్వలేదు!

పొద్దున బిల్లు చూస్తే గదికి 96, మడత మంచానికి 25, ఉచితమన్న పార్కింగ్‌కు 12, మూడో మనిషి టిఫిన్‌కు 10. ఆ టిఫిన్ అత్తయ్యగారు ముట్టనే లేదు, బీన్స్ తెచ్చిన ప్లేటులోనే సాసేజ్ పెట్టాడు. మా ఆయన కార్డు గీకి బయటికి వచ్చాడు, అరగంట ఎవరితోనూ మాట్లాడలేదు.

సముద్రం ఒడ్డున నడిచాకే మా ఆయన తేరుకున్నాడు. అక్కడ హాస్యనటుడు ఎరిక్ మోర్కాంబ్ విగ్రహం ఉంది, అదీ ఇబ్బెసన్ చేసిందే. 1897 నాటి వింటర్ గార్డెన్స్ థియేటర్ కూడా ఆ ఒడ్డునే ఉంది. అవతల లేక్ డిస్ట్రిక్ట్ కొండలు స్పష్టంగా కనిపిస్తాయి. ఊరు బాగుంది. రాత్రి బస మాత్రం మాంచెస్టర్‌లో పెట్టుకోండి, ముసలివాళ్ళతో వెళ్తే మరీనూ.

యాప్ వాళ్ళకు బిల్లు ఫొటోలు పంపాను. పార్కింగ్ 12 పౌండ్లు వెనక్కి వచ్చాయి. మిగతా వాటి కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను.