ఓక్లాండ్‌లో ఏస్ ఆఖరి మ్యాచ్, మోటెల్ వాడి మోసం, ఒక కప్పు మట్టి

ముందే చెప్తున్నా, కాలిఫోర్నియాలో ఓక్లాండ్ ఎయిర్‌పోర్ట్ పక్కన మోటెల్‌లో మాత్రం దిగకండి, ఆన్‌లైన్‌లో ఎంత తక్కువ రేటు చూపించినా సరే. మేం దిగి అనుభవించాం.

అసలు ఎందుకెళ్ళామంటే బేస్‌బాల్ టీమ్ ఓక్లాండ్ అథ్లెటిక్స్, అక్కడ అందరూ ఏస్ అనే అంటారు, 1968 నుంచి ఆడుతూ వచ్చిన కొలీజియం స్టేడియంలో వాళ్ళ ఆఖరి మ్యాచ్ 2024 సెప్టెంబర్ 26న. 57 సీజన్లాడిన ఊరు వదిలేసి 2025 నుంచి వెస్ట్ శాక్రమెంటోకి, తర్వాత లాస్ వేగాస్‌కి పోవాలని నిర్ణయించుకున్నారు. నేను దగ్గర్లోని ఫ్రీమాంట్‌లో పదేళ్ళున్నా, ఈ ఆట నేర్చుకుందే ఆ స్టేడియంలో. 2012లో సీజన్ ఆఖరి రోజు టెక్సస్ రేంజర్స్‌ని 12-5తో కొట్టి డివిజన్, అంటే లీగ్‌లో తమ గ్రూపు, గెలిచినప్పుడు పక్క సీట్లో ముక్కూమొహం తెలియని పెద్దాయన నన్ను వాటేసుకుని ఏడ్చాడు. ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాం, మావాడు రేంజర్స్ ఫ్యాన్, ఈ ఆఖరి మ్యాచ్ కూడా రేంజర్స్‌తోనే. తెనాలి నుంచి నాన్న వచ్చి ఉన్నారు కదా అని ఆయన్ని కూడా తీసుకెళ్ళాం. నలుగురికి ఫ్లైట్ 1,148 డాలర్లు, టిక్కెట్లు పైన మూడో లెవెల్‌లో, రీసేల్‌లో 412.

ఇక మోటెల్ సంగతి. రెండు రాత్రులు, రాత్రికి 129 చొప్పున, రెండు బెడ్లు, నో స్మోకింగ్ రూమ్ అని నెల ముందే బుక్ చేశా. రాత్రి 11 గంటలకి వెళ్తే కౌంటర్‌లో మనిషి ఫోన్ లోంచి తల కూడా ఎత్తకుండా మీ బుకింగ్ మాకు రాలేదు అన్నాడు. ఈమెయిల్ చూపించా. అది ఆ సైట్ వాళ్ళతో మాట్లాడుకోండి, ఇప్పుడైతే రాత్రికి 289, రెండు రాత్రులకీ ముందే కట్టాలి, పైన 150 డిపాజిట్ అన్నాడు. నాన్నకి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, అప్పటికే లాబీలో సూట్‌కేస్ మీద కూర్చుండిపోయారు, పిల్లాడు నిలబడే నిద్రపోతున్నాడు, ఆ టైమ్‌లో ఇంకెక్కడికి పోతాం, కట్టేశా. రూమ్ తలుపు తీయగానే గుప్పుమని సిగరెట్ కంపు, ఒకటే బెడ్. నాన్ననీ పిల్లాణ్ణీ బెడ్ మీద పడుకోబెట్టి నేనూ మా ఆవిడా కార్పెట్ మీద దుప్పటి పరుచుకున్నాం. తెల్లారేదాకా తను నాతో మాట్లాడలేదు. పొద్దున్న ఒక్క మాటంది, "మీ మ్యాచ్ కోసం మావయ్యగారిని ఇలా కష్టపెట్టడమేంటండీ" అని. సమాధానం లేదు నా దగ్గర.

రెండో రాత్రి డబ్బు వెనక్కివ్వనన్నాడు, పోతే పోనీ అని ఖాళీ చేసేశాం. నాకు ఒళ్ళు మండింది దేనికంటే, వారం తర్వాత డిపాజిట్ మొత్తం మింగేసి ఇంకో 50 కార్డ్ మీద కొట్టాడు, రూమ్‌లో సిగరెట్ కాల్చారట! మా నాన్న ఎదురుగా ఎవడైనా సిగరెట్ వెలిగిస్తే అవతలికి పొమ్మనే మనిషి. బ్యాంక్‌లో డిస్ప్యూట్ వేస్తే ఆరు వారాలకి ఆ 200 తిరిగొచ్చాయి, రెండో రాత్రి 289 మాత్రం గోవిందా. ఎక్కడ దిగినా రూమ్‌లోకి వెళ్ళగానే నాలుగు మూలలా వీడియో తీసి పెట్టుకోండి.

నన్నడిగితే యూనియన్ సిటీలోనో ఫ్రీమాంట్‌లోనో బార్ట్ రైలు స్టేషన్ దగ్గర దిగండి. మేం మారింది యూనియన్ సిటీకే, 142 డాలర్లు, బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి, శుభ్రంగా ఉంది. అక్కణ్ణుంచి రైలెక్కితే కొలీజియం స్టేషన్‌లో దిగి బ్రిడ్జి మీద నడుచుకుంటూ నేరుగా గేటుకే, కారూ అక్కర్లేదు పార్కింగ్ గోలా లేదు. ఆ బ్రిడ్జి మీదే పల్లీలు కొన్నాం, సంచి 5 డాలర్లు. నాన్న నాలుగు వొలిచి నోట్లో వేసుకుని, కాయ బాగా వేగిందిరా అన్నారు, ఆ ట్రిప్‌లో ఆయన మొహం మీద మొదటి నవ్వు అదే.

మ్యాచ్ మధ్యాహ్నం 12:37కి. జనం 46,889 మంది. నాన్న అడిగారు, ఈ సీజన్‌లో వీళ్ళు ఎన్ని గెలిచారురా అని. మొత్తం 162 మ్యాచ్‌ల్లో చివరికి 69 గెలిచి 93 ఓడారు, అంతకు ముందు ఏడాదైతే 112 ఓడారు. బ్రెంట్ రూకర్ 39 హోమ్ రన్లు, మన సిక్సర్ల లాంటివి, కొట్టాడు, ఆఖర్లో వచ్చి బంతులేసే మేసన్ మిల్లర్ అప్పుడు ఉన్నాడు, మంచి కుర్రాళ్ళే. మరి ఓడిపోయే టీమ్‌కి ఇంతమందా అన్నారు. టీమ్ కోసం కాదు నాన్నా, ఊరి కోసం వచ్చారు అన్నా. కింద జనం "టీమ్ అమ్మెయ్" అని ఓనర్ని ఉద్దేశించి అరుస్తున్నారు.

మ్యాచ్‌కి ముందు లాంఛనంగా మొదటి బంతులు విసరడానికి ఏస్ పాత ఆటగాళ్ళు డేవ్ స్టీవర్ట్, రికీ హెండర్సన్ వచ్చారు. రికీ అంటే బేస్‌లు దొంగిలించడంలో రారాజు, 1982లో ఒక్క సీజన్‌లోనే 130, మొత్తం 1,406, ఇప్పటికీ అదే రికార్డ్. దొంగిలించడమేంటని నాన్న, బౌలర్ ఏమరుపాటున ఉన్నప్పుడు పక్క గడిలోకి ఉరకడం అని చెప్తే, కబడ్డీ కూతకెళ్ళినట్టన్నమాట అని టక్కున పట్టేశారు.

3-2తో ఏస్ గెలిచారు. అయిపోయాక మేనేజర్ మార్క్ కాట్సే మైక్ పట్టుకుని జనానికి థాంక్స్ చెప్పి, ఆఖరిసారి "లెట్స్ గో ఓక్లాండ్" అనిపించాడు. చాలాసేపు ఎవరూ కదల్లేదు. మేం మెల్లగా కిందికి దిగి కంచె దగ్గర నిలబడ్డాం. గ్రౌండ్‌లో పనిచేసే ఆయనొకాయన, మోకాళ్ళ దాకా ఎర్రమట్టి, చేత్తో తవ్వి జనం చాపిన కప్పుల్లో పోస్తున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మావాడు కూల్‌డ్రింక్ కప్పు చాపాడు, నెత్తిన రేంజర్స్ టోపీ. ఆయన టోపీ చూసి, పిల్లాణ్ణి చూసి, రెండు గుప్పిళ్ళు ఎక్కువే పోశాడు. తన పని ఈ ఊళ్ళో ఆ రోజుతో ఆఖరు. ముందు రోజు రాత్రి మోటెల్ కౌంటర్ దగ్గర మాకు ఓ గ్లాసు మంచినీళ్ళైనా ఇవ్వని మనిషి గుర్తొచ్చి నాకు గొంతు పట్టేసింది. మా ఆవిడ అప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

మర్నాడు లివర్‌మోర్ గుడికెళ్ళి దర్శనం చేసుకుని సాయంత్రం ఫ్లైట్ ఎక్కేశాం. మొత్తం దాదాపు 2,700 డాలర్లు అయ్యింది.

నాన్న నవంబర్‌లో తెనాలి వెళ్ళిపోయారు. డిసెంబర్ 20న రికీ హెండర్సన్ పోయాడు. ఆ వారం వాట్సాప్ కాల్‌లో చెప్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత, "ఆ మట్టి జాగ్రత్తగా ఉందా?" అన్నారు. మావాడు లోపలికెళ్ళి హార్లిక్స్ సీసా తెచ్చి కెమెరాకి దగ్గరగా పెట్టాడు, మీద నాన్న తన చేత్తో అంటించిన కాగితం, 26-9-2024, ఓక్లాండ్.