పప్పు కవరు మానేసి మూడు వానాకాలాలు: స్టీలు డబ్బాలు, పంచె గుడ్డ సంచులు ఎంతవరకు పనికొచ్చాయి

విశాఖ గాలికి అటుకులు గంటలో మెత్తబడతాయి. అప్పడం వేయించి పళ్ళెంలో పెట్టి, పులుసు వేడి చేసి వచ్చేసరికి వంగిపోతుంది. సూపర్‌మార్కెట్లో కందిపప్పుని అంత మందం కవర్లో ఎందుకు కట్టి అమ్ముతారో ఈ ఊళ్ళో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కవరు మానేస్తే అది చేసే పని ఇంకేదో చెయ్యాలి, లేకపోతే పప్పు పురుగుల పాలే. ఎంవీపీ కాలనీలో నలుగురున్న ఇంట్లో మూడు వానాకాలాలు వాడిన సామాను మీద ఈ సమీక్ష. వాడినవి: మామూలు మూత స్టీలు డబ్బాలు 11, మూతలో సిలికాన్ రింగుండే వాషర్ మూత డబ్బాలు 4, పాత పంచెలతో కుట్టించిన సంచులు 10, చేపలకి రెండు లీటర్ల స్టీలు గిన్నె ఒకటి, ఉప్పుకీ చింతపండుకీ జాడీలు.

స్టీలు డబ్బా కొన్న రోజే చెయ్యాల్సిన పని ఒకటుంది. సామాన్ల షాపులో గిన్నెల మీద పేర్లు కొట్టిస్తాం కదా, అదే మిషన్‌తో డబ్బా అడుగున దాని ఖాళీ బరువు కొట్టించండి. మూత లేకుండా తూచి, 240 గ్రాములుంటే 240 అని. కాగితం అంటిస్తే రెండో కడుగుకే పోతుంది, మార్కర్ రాత నెల ఆగదు. కిరాణా కొట్టులో రద్దీగా ఉన్నప్పుడు తూకం మిషన్ మీద టేర్ (ఖాళీ డబ్బా బరువు తీసేసే బటన్) నొక్కి సున్నా చూపించే ఓపిక కుర్రాడికి ఉండకపోవచ్చు. అడుగున అంకె కనిపిస్తే వాదన ఉండదు, కొట్టువాడు తీసేసి లెక్క కడతాడు. అంతకంటే సులువు, తూకం పళ్ళెంలోనే తూచి డబ్బాలో పొయ్యమనడం. దానికి డబ్బా మూతి జానెడన్నా వెడల్పుండాలి. సన్నమూతి డబ్బాలో పెసరపప్పు పోస్తే చారెడు నేలపాలు.

ఎక్కువమంది తప్పేది ఇంకోచోట. మనం డబ్బా చూపించేలోపే కుర్రాడు కవరు తీసి, అందులో పప్పు తూచి, దాన్ని మన డబ్బాలో పోసి, కవరు కింద పడేస్తాడు. ఇంటికి కవరు రాలేదు గానీ చెత్తకి వెళ్ళిపోయింది. అందుకే డబ్బాని కౌంటరు మీద, మూత తీసి, సరుకు పేరు చెప్పకముందే పెట్టాలి. పూర్ణా మార్కెట్ లాంటి చోట బస్తాల్లోంచి విడిగా అమ్మే కొట్లలో ఇది పెద్ద ఇబ్బంది కాదు. సూపర్‌మార్కెట్లో కుదరదు, అక్కడ పప్పు కవర్లలోనే వస్తుంది.

ఇక తేమ సంగతి. మామూలు మూత డబ్బాలో కందిపప్పు, మినప్పప్పు, బియ్యం నిలుస్తాయి. బొంబాయి రవ్వ, మైదా, అటుకులు, మరమరాలు నిలవవు. జులై నుంచి అక్టోబరు దాకా ఈ నాలుగింటికీ వాషర్ మూత తప్పదు. పెద్ద డబ్బాని సగం ఖాళీగా ఉంచి రోజూ తెరిస్తే, తెరిచినప్పుడల్లా సముద్రపు గాలి లోపలికి పోతుంది. ఐదు కిలోల డబ్బా వారానికోసారి తెరిచి, కిలో డబ్బాలోకి వారం సరుకు తీసుకోవాలి. వానాకాలంలో నెలకి మించి కొనకండి. ఆఫర్ ఉందని మూడు నెలల పప్పు తెస్తే ఏ డబ్బా కాపాడలేదు.

పురుగుకి ఇంట్లో పనిచేసే మందు ఫ్రీజరు. కొట్టు నుంచి తెచ్చిన పప్పుని స్టీలు డబ్బాలో పోసి, గట్టిగా మూత పెట్టి, నాలుగు రోజులు ఫ్రీజర్లో ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక జరిగే తప్పే అసలు తప్పు. చల్లగా ఉన్న డబ్బాని వెంటనే తెరిస్తే, విశాఖ గాలిలోని తేమంతా పప్పు మీద నీరై కూర్చుంటుంది. వారంలో బూజు వాసన వస్తుంది, నింద మాత్రం ఫ్రీజరు మీద పడుతుంది. మూత తియ్యకుండా రాత్రంతా వంటింటి గట్టు మీద వదిలేసి, డబ్బా బయట చెమట ఆరిపోయి చేతికి మామూలుగా తగిలాకే తెరవాలి. రవ్వని మాత్రం పొడి మూకుడులో దోరగా వేయించి, పూర్తిగా చల్లారాక పొయ్యడమే మేలు. వేడి మీద మూత పెడితే మూత లోపల నీటి బొట్లు.

పెసలు, అలసందలు, శనగల లాంటి గింజలకి పుచ్చు పురుగు ఎక్కువ, బద్దలకి తక్కువ. గింజలకి కిలోకి ఒక చెంచా ఆముదం అరచేత్తో పట్టించే పాత పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. వండేముందు వేడి నీళ్ళతో రెండుసార్లు కడిగితే జిడ్డు పోతుంది. ఎండు వేపాకు వేస్తే పురుగు ఆలస్యంగా వస్తుంది, రాకుండా ఉండదు. బియ్యంలో బోరిక్ పౌడరు కలిపే అలవాటుంటే మానెయ్యండి, అది తినేది కాదు.

వాషర్ మూత డబ్బాలకి మార్కులు తగ్గించాల్సింది వాషర్ దగ్గరే. గాడిలో పిండి ఇరుక్కుని, తేమ తగిలి, నల్లటి బూజు పడుతుంది. పైకి కనిపించదు. డబ్బా ఖాళీ అయిన ప్రతిసారీ వాషర్‌ని చెంచా కాడతో లేపి, వంట సోడా కలిపిన నీళ్ళలో రుద్ది, గాడిని పొడి గుడ్డతో తుడిచి, నీడలో ఆరాక పెట్టాలి. తడిగా పెట్టిన వాషర్ కంటే వాషర్ లేని డబ్బా నయం. మసాలాల డబ్బా వాషర్‌ని రవ్వ డబ్బాకి మార్చకండి, ధనియాల వాసన సిలికాన్‌ని వదలదు. కొనేటప్పుడు వాషర్ విడిగా అమ్ముతున్నారో లేదో అడిగి కొనాలి, లేకపోతే రెండేళ్ళకి మొత్తం డబ్బా మూలకే. అటుకులకీ మరమరాలకీ వీటన్నిటికంటే బాగా నిలిచినవి ఇంట్లో మిగిలిన పాత హార్లిక్స్ గాజు సీసాలు. రేకు మూతకి ఉప్పుగాలి తుప్పు పట్టకుండా నెలకోసారి కొబ్బరినూనె చుక్క రాస్తే చాలు.

ఉప్పుని స్టీలు డబ్బాలో పొయ్యకండి. కొన్ని నెలలకే అడుగున సూదితో పొడిచినట్టు చుక్కలు పడతాయి. ఉప్పు కలిపిన చింతపండు కూడా అంతే. రెండింటికీ జాడీ.

పంచె సంచుల దగ్గరికొస్తే, షాపుల్లో అమ్మే కొత్త గాడా సంచుల కంటే పాత పంచె గుడ్డే గెలిచింది. ఎన్నో ఉతుకులకి మెత్తబడిన నూలు కాబట్టి నీళ్ళు బాగా పీలుస్తుంది, తూకంలోనూ తేలిక. సీతమ్మధార, ఎంవీపీ రైతుబజార్లలో టమాటా, వంకాయ, దొండకాయ దేనికది వేర్వేరు సంచిలో వేయించుకోవచ్చు, సంచి బరువుకి పోయేది అర్ధ రూపాయి. జీడిపప్పుకి మాత్రం ఆ లెక్క చెల్లదు. కొత్తిమీర వేళ్ళు కోసి, కట్టు విప్పి, తడి ఆరాక పొడి సంచిలో చుట్టి, మూత గిన్నెలో పెడితే ఐదారు రోజులు నిలుస్తుంది. సంచి ఒక్కదానిలోనే ఫ్రిజ్‌లో పెడితే రెండో రోజుకే వడిలిపోతుంది, ఫ్రిజ్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి. తడిగా చుడితే జిగురెక్కి కుళ్ళుతుంది. బెండకాయకి తడి అసలు తగలకూడదు. పచ్చిమిర్చి తొడిమలు తీసి, అడుగున గుడ్డ పరిచిన డబ్బాలో వెయ్యండి, పది రోజులు ధీమా.

గుడ్డ సంచి అని చేతిలో పెట్టే రంగు రంగుల నాన్ ఓవెన్ సంచి గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. ఒక పోగు లాగి అగ్గిపుల్లకి చూపించండి. నూలైతే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, నాన్ ఓవెనైతే కరిగి నల్ల పూసలా గట్టిపడుతుంది. బాల్కనీ ఎండలో కొన్నాళ్ళు వేలాడితే పట్టుకోగానే పొడిపొడిగా రాలిపోతుంది, ఆ పొడిని ఏ చీపురూ పూర్తిగా ఎత్తలేదు.

చేపలకి నల్ల కవరు మానడం అనుకున్నదానికంటే తేలిక. ఫిషింగ్ హార్బర్ దగ్గర గానీ, వీధిలో చేపలమ్మ దగ్గర గానీ, చేపని ముందే తూచేస్తారు కాబట్టి డబ్బా బరువు గొడవే లేదు. ముక్కలు కొట్టాక నేరుగా గిన్నెలో వెయ్యమంటే సరి. ఇక్కడ వాషర్ మూత వాడకండి, వంజరం వాసన వాషర్‌లో నెల ఉంటుంది. బిగుతుగా పట్టే మామూలు మూత, దాని మీద రబ్బరు బ్యాండు, గిన్నె నిటారుగా నిలిచే సంచి. ఇంటికొచ్చాక శనగపిండితో తోమి, చింతపండు నీళ్ళతో కడిగితే స్టీలుకి వాసన మిగలదు.

నూనె, కారం విషయంలో మాత్రం విడి సరుకు మంచిదనే సూత్రం పనికిరాదు. వంటనూనెని లూజుగా చిల్లరకి అమ్మడాన్ని ఆహార భద్రత నిబంధనలే ఆపాయి, కల్తీకి అదే దారి కాబట్టి. అయితే లీటరు పౌచ్ కొనొద్దు. అది రకరకాల పొరలు అతికించిన ఫిల్మ్, పైగా జిడ్డు, పాత సామాన్లవాళ్ళెవరూ తీసుకోరు. ఐదు లీటర్ల గట్టి క్యాన్‌కి రేటు పలుకుతుంది. రెండిళ్ళు కలిస్తే 15 కిలోల రేకు డబ్బా ఇంకా మేలు, పంచుకున్న నూనెని గాజు సీసాలో కిటికీ పక్కన కాకుండా స్టీలు క్యాన్‌లో పెడితే ముక్కిన వాసన రాదు. కారానికి వేసవిలో ఎండు మిరపకాయలు కొని, గలగలలాడేదాకా ఎండబెట్టి మర పట్టించుకోవాలి. హ్యాండ్‌వాష్ రీఫిల్ పౌచ్‌దీ ఇదే కథ: బరువు తక్కువ, కొనేవాడు లేడు. సీసా అయితే కొంటాడు. అన్నిటికంటే సబ్బు బిళ్ళ నయం.

సూపర్‌మార్కెట్ ట్రేల గురించి ఒక్కమాట. మొక్కజొన్న పొత్తుకి పుట్టుకతోనే ఆకుల తొడుగుంటుంది. దాన్ని ఒలిచి పారేసి, ట్రేలో పెట్టి, పైన ఫిల్మ్ చుట్టి ఎక్కువ ధరకి అమ్మడం ఏ రకం తెలివో. చట్టం దీన్ని పట్టుకోదు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచగా ఉండకూడదన్న నిబంధన క్యారీ బ్యాగులకే, సరుకు కట్టిన కవరుకి కాదు. అరటిపళ్ళు, బొప్పాయి, గుమ్మడికాయ తూచే కౌంటర్లో ధర స్టిక్కర్ నేరుగా తొక్క మీద అంటించమంటే చాలాచోట్ల అంటిస్తారు.

ఇంకా మానలేనివి మాత్రల స్ట్రిప్పులు, పిల్లల చిప్స్ ప్యాకెట్లు, పాల ప్యాకెట్లు. మొదటి రెండూ పొడి చెత్త నీలం డబ్బాలోకే. పాల ప్యాకెట్ ఒకే రకం పాలిథిన్, శుభ్రంగా ఉంటే అమ్ముడుపోతుంది. ఖాళీ అవగానే చన్నీళ్ళు పోసి కుదిపి, ఆ నీళ్ళు మొక్కలకి పొయ్యాలి. పైఅంచు మొత్తం విప్పి, బోర్లించి క్లిప్పుకి వేలాడదీస్తే సాయంత్రానికి ఆరుతుంది. పాలు అంటిన ప్యాకెట్లు కట్ట కడితే రెండో రోజుకే కంపు, పాత సామాన్ల కొట్టువాడు మొత్తం కట్ట వెనక్కిస్తాడు. కత్తిరించేటప్పుడు మూల పూర్తిగా తెంచకండి. గోరంత ముక్క ఊడిందంటే సింకు జాలీలోంచి కాలవలోకి పోవడమే, దాన్నెవరూ ఏరలేరు. మూలకి అడ్డంగా ముప్పావు వంతు కోసి, ముక్కని ప్యాకెట్‌కే వేలాడనివ్వండి, పాలు అంత సందులోంచి హాయిగా వస్తాయి.