ఛాంపియన్ హిల్‌కి వెళ్లండి, రాత్రికి మాత్రం గది తీసుకోకండి

సస్సెక్స్‌లోని లూయిస్ ఊరి ఫుట్‌బాల్ జట్టు దక్షిణ లండన్ క్లబ్ డల్‌విచ్ హామ్లెట్‌తో వాళ్ల గ్రౌండ్ ఛాంపియన్ హిల్‌లో ఆడే అవే మ్యాచ్‌కి లూయిస్ నుంచి బయల్దేరేవాళ్లకు ముందే ఒక మాట. మ్యాచ్ చూడండి, కడుపు నిండా తినండి, అదే రాత్రి రైలెక్కి ఇంటికొచ్చేయండి. గ్రౌండ్ దగ్గర పెట్టిన ప్రతి పౌండుకీ తృప్తి దక్కింది. గది మీద పెట్టిన డబ్బు తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతోంది.

మేం తీసుకున్న అద్దె గది ప్రకటనలో ‘ఈస్ట్ డల్‌విచ్ స్టేషన్‌కి పది నిమిషాలు’ అని రాశారు. ఆ పది నిమిషాలు కారులో వెళ్తే. కాలినడకన ముప్పై అయిదు. రాత్రికి 74 పౌండ్లని చూపించి, తీరా డబ్బు కట్టే చోటుకి వచ్చేసరికి శుభ్రం చేసినందుకు 28, సర్వీసు ఛార్జీ 13 కలిపి 115 చేశారు. అది కూడా సహించవచ్చు. అసలు చిక్కు తాళం దగ్గర వచ్చింది. తాళం ఇచ్చేది సాయంత్రం 4 తర్వాతే. మ్యాచ్ మొదలయ్యేది 3కి. లండన్‌లో ఇలా అద్దెకిచ్చే గదుల్లో చాలావాటికి చెకిన్ వేళ 3 లేదా 4. అంటే శనివారం మ్యాచ్‌కి వెళ్లేవాడు బ్యాగు భుజాన వేసుకుని గ్రౌండ్‌కి రావాల్సిందే. గేటు దగ్గర సంచులు తెరిచి చూస్తారు, పెద్ద సూట్‌కేసుతో వస్తే ఇబ్బందే. విక్టోరియా స్టేషన్‌లో సామాను దాచే కౌంటర్ ఉంది కానీ బ్యాగుకి ఇంత అని లెక్క. ముగ్గురి బ్యాగులు పెడితే ఒకరి మ్యాచ్ టికెట్ ఖరీదు దాటిపోతుంది. మాతో వచ్చిన ఒకాయన మొదటి సగమంతా ఆట కన్నా కాళ్ల మధ్య పెట్టుకున్న బ్యాగునే ఎక్కువ చూశాడు.

ఇంకొకటి, దీనికన్నా ముఖ్యం. నాన్‌లీగ్ (ఇంగ్లండ్‌లో పై నాలుగు లీగుల కిందివాటి) మ్యాచ్ జరుగుతుందో లేదో శనివారం పొద్దున దాకా తేలదు. వాన ఎక్కువ పడితే రిఫరీ వచ్చి మైదానం చూసి, నీళ్లు నిలిచిన చోట బంతి కదలకపోయినా, మంచుకి నేల గట్టిపడి ఆటగాళ్ల కాళ్లకు ప్రమాదమనిపించినా వాయిదా వేసేస్తాడు. గది డబ్బు మాత్రం రెండు రోజుల ముందు నుంచే వెనక్కి రాదు. ఇలాంటి ఆటకి వెనక్కి రాని డబ్బు ఎక్కడా కట్టకూడదు, గదికైనా రైలుకైనా.

రైలు సంగతి తేలికే. లూయిస్ నుంచి విక్టోరియాకి గంట పైచిలుకు. అడ్వాన్స్ టికెట్ చవగ్గా కనిపిస్తుంది కానీ అది ఆ ఒక్క రైలుకే పనికొస్తుంది, మ్యాచ్ వాయిదా పడితే డబ్బు వెనక్కి రాదు. ఆఫ్‌పీక్ రిటర్న్ (రద్దీ లేని వేళల్లో చెల్లే రానుపోను టికెట్) కొనండి. ముగ్గురి నుంచి తొమ్మిది మంది దాకా కలిసి వెళ్తే గ్రూప్‌సేవ్ కింద మూడో వంతు తగ్గుతుంది, దానికి ఏ కార్డూ అక్కర్లేదు. ఫాల్మర్‌లో సస్సెక్స్ యూనివర్సిటీలో చదువుకునే మన పిల్లలు లూయిస్‌కి ఒక్క స్టేషన్ దూరంలోనే ఉంటారు. వాళ్లు 16-25 రైల్‌కార్డు 35 పౌండ్లు పెట్టి తీసుకుంటే ఏడాదంతా మూడో వంతు తగ్గింపే. వారం మధ్య రోజుల్లో పొద్దున ఆ కార్డుకి కనీస ఛార్జీ నిబంధన ఒకటుంది, శని ఆదివారాలకు అది వర్తించదు. లైను మరమ్మతులున్న వారాంతంలో మాత్రం కొంత దూరం రైలు బదులు బస్సు ఎక్కిస్తారు. అలాంటి రోజున గంటన్నర ముందు బయల్దేరినా ఎక్కువ కాదు.

విక్టోరియాలో దిగాక చాలామంది చేసే తప్పు 185 నంబరు బస్సు ఎక్కడం. తక్కువ ఛార్జీకే నేరుగా గ్రౌండ్ పక్కన డాగ్ కెనెల్ హిల్ మీద దింపుతుంది, నిజమే. కానీ శనివారం మధ్యాహ్నం వాక్స్‌హాల్, ఓవల్, కాంబర్‌వెల్ మీదుగా నత్తనడక నడుస్తుంది. అదే విక్టోరియా నుంచి డెన్మార్క్ హిల్‌కి రైలెక్కితే పది నిమిషాల పని. బయటికొస్తే ఎదురుగా సాల్వేషన్ ఆర్మీ వాళ్ల ఎత్తైన ఇటుకల కాలేజీ భవనం కనిపిస్తుంది. దాన్ని గుర్తుపెట్టుకుని గ్రోవ్ లేన్ మీదుగా డాగ్ కెనెల్ హిల్ దిగితే పావుగంటలో సెయిన్స్‌బరీస్ సూపర్‌మార్కెట్, దాని వెనకే గ్రౌండ్. నడవలేని పెద్దవాళ్లుంటే లండన్ బ్రిడ్జి నుంచి ఈస్ట్ డల్‌విచ్ రైలు పట్టుకోండి, స్టేషన్ నుంచి గ్రౌండ్ అయిదు నిమిషాలే.

ఆ సూపర్‌మార్కెట్ అక్కడెందుకుందో తెలిస్తే ఈ క్లబ్ కథ సగం అర్థమవుతుంది. 1931లో కట్టిన పాత ఛాంపియన్ హిల్ చాలా పెద్దది. 1933లో అమెచ్యూర్ కప్ (డబ్బు తీసుకోకుండా ఆడే జట్ల పోటీ) ఫైనల్ ఇక్కడే పెట్టారు. కింగ్‌స్టోనియన్, స్టాక్టన్ జట్ల మధ్య జరిగిన ఆ ఆటకు 20,744 మంది వచ్చారు. 1990ల మొదట్లో ఆ స్థలంలో కొంత సూపర్‌మార్కెట్‌కి పోయింది, మిగిలిన చోట 1992లో ఇప్పటి చిన్న గ్రౌండ్ లేచింది. దీనిలో మూడు వేల మంది పడతారు. ఒక్కటే పెద్ద స్టాండు, మిగతా మూడు వైపులా నిలబడి చూడటమే.

క్లబ్ పుట్టింది 1893లో. డల్‌విచ్ హామ్లెట్ బడిలో చదివిన కుర్రాళ్లు ఇద్దరు అడిగితే లొరెయిన్ విల్సన్ అనే పెద్దమనిషి దీన్ని మొదలుపెట్టాడు. అందరూ ఆయన్ని ‘పా’ విల్సన్ అనేవాళ్లు. గులాబీ రంగు, ముదురు నీలం కలిసిన చొక్కా వాళ్లది. దూరం నుంచి చూసినా పొరబడే రంగు కాదు. డబ్బు తీసుకోకుండా ఆడే జట్ల కాలంలో వీళ్లది పెద్ద పేరు. అమెచ్యూర్ కప్ నాలుగుసార్లు గెలిచారు: 1920, 1932, 1934, 1937. అందులో 1932 ఫైనల్లో మెరీన్ జట్టును 7-1తో చితక్కొట్టారు.

గ్రౌండ్‌కి వెళ్లే దారి పేరు ఎడ్గర్ కెయిల్ వే. బోర్డు చూసి దాటిపోకండి. కెయిల్ ఈ క్లబ్‌కి నాలుగు వందలకు పైగా గోల్స్ కొట్టాడు. పెద్ద క్లబ్బులు పిలిచినా ప్రొఫెషనల్‌గా మారలేదు. 1929 మే నెలలో ఇంగ్లండ్ జట్టుకి మూడు మ్యాచ్‌లు ఆడాడు. ఫ్రాన్స్‌తో ఆడిన మొదటిదాంట్లోనే రెండు గోల్స్ కొట్టాడు. మూడోది స్పెయిన్‌తో, ఇంగ్లండ్ 4-3తో ఓడింది. ఐరోపా ఖండపు జట్టు చేతిలో ఇంగ్లండ్‌కి అదే తొలి ఓటమి. ఆయన పోయి ఇన్నేళ్లయినా గోల్‌పోస్ట్ వెనక నిలబడే హామ్లెట్ అభిమానులు ఇప్పటికీ ఆయన పేరు పెట్టి పాడతారు. ఆట చూడటానికి వెళ్లిన అవతలి జట్టు మనిషికి కూడా ఆ పాట మొదలైనప్పుడు ఒళ్లు పులకరిస్తుంది.

1948 లండన్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు కొన్ని ఇలాంటి నాన్‌లీగ్ గ్రౌండ్లలోనే జరిగాయి. ఛాంపియన్ హిల్‌లో ఆగస్టు 2న దక్షిణ కొరియా 5-3తో మెక్సికోని ఓడించింది. దానికి రెండు రోజుల ముందు, జూలై 31న, ఇల్‌ఫర్డ్‌లోని క్రికిల్‌ఫీల్డ్‌లో స్వతంత్ర భారత జట్టు ఫ్రాన్స్‌తో ఆడింది. మనవాళ్లలో ఎక్కువమందికి కాళ్లకు బూట్లు లేవు. రెండు పెనాల్టీలు పోగొట్టుకుని 2-1తో ఓడారు. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు హైదరాబాదు కోచ్ రహీం సాబ్ శిక్షణలో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన జట్టుకి ఇది ముందు మెట్టు. లండన్‌లో ఉండే తెలుగువాళ్లలో ఎంతమంది ఇల్‌ఫర్డ్ మీదుగా రోజూ వెళ్తూ ఈ మాట వినకుండానే ఉన్నారో!

ఇక దగ్గరి చరిత్ర. 2013లో ఇస్త్మియన్ ప్రీమియర్ అనే ఏడో మెట్టు లీగ్‌కి ఎక్కిన డల్‌విచ్ జట్టు 2016లోనూ 2017లోనూ పై లీగ్‌కి ఎక్కేందుకు ఆడే ప్లేఆఫ్ ఫైనల్లో ఓడింది. 2018 మార్చిలో స్థలం యజమాని కంపెనీతో గొడవ ముదిరి క్లబ్‌ని సొంత గ్రౌండ్ నుంచే వెళ్లగొట్టారు. అంతటితో ఆగలేదు. క్లబ్ పేరునే ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేయించుకుని, ఆ పేరు ఇక వాడొద్దని 125 ఏళ్ల క్లబ్‌కి నోటీసు ఇచ్చారు. అభిమానులు వీధుల్లోకొచ్చారు, విషయం పార్లమెంటు దాకా వెళ్లింది. జట్టు టూటింగ్ అండ్ మిచమ్ క్లబ్ వాళ్ల ఇంపీరియల్ ఫీల్డ్స్‌లో తలదాచుకుని ఆడింది. అదే ఏడాది మేలో అక్కడే హెండన్‌తో ప్లేఆఫ్ ఫైనల్ 1-1తో ముగిస్తే పెనాల్టీల్లో గెలిచి ఒక మెట్టు పైనున్న నేషనల్ లీగ్ సౌత్‌కి ఎక్కింది. ఇల్లు లేని జట్టు సాధించిన గెలుపది! డిసెంబరులో ఛాంపియన్ హిల్ తాళాలు మళ్లీ తెరుచుకున్నాయి. 2023లో కిందికి దిగి మళ్లీ ఇస్త్మియన్ ప్రీమియర్‌కి వచ్చింది.

అందుకే లూయిస్ వాళ్లకి ఈ జట్టుతో మ్యాచ్ మిగతావాటిలాంటిది కాదు. లూయిస్ క్లబ్ 2010 నుంచి అభిమానులదే. 2017లో మగవాళ్ల జట్టుకీ ఆడవాళ్ల జట్టుకీ సమానంగా డబ్బు కేటాయించిన క్లబ్ అది. గ్రౌండ్ పోతే ఏమవుతుందో డల్‌విచ్‌ని చూసి నేర్చుకోవచ్చు. రెండు వైపుల అభిమానులూ పక్కపక్కన నిలబడి మాట్లాడుకుంటుంటే అది తెలుస్తూనే ఉంటుంది.

టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొనండి. పైనుంచి ఏడో మెట్టు లీగ్ కదా, ఖాళీగా ఉంటుందిలే అనుకుంటే పొరపాటు. హామ్లెట్‌కి రెండు వేల మందికి పైగా రావడం మామూలే, మంచి ఎండ కాసిన శనివారం టికెట్లు అయిపోవచ్చు కూడా. ఈ డివిజన్‌లో పెద్దవాళ్ల టికెట్ 12 నుంచి 15 పౌండ్ల మధ్య. ప్రీమియర్ లీగ్‌లో అవే అభిమాని టికెట్‌కి పెట్టిన పరిమితే 30 పౌండ్లు, దానిలో సగానికి మీరు గోల్‌కీపర్ తన డిఫెండర్లను తిట్టే తిట్లు కూడా వినేంత దగ్గర నిలబడొచ్చు.

అవే అభిమానులకి వేరే గేటు, వేరే కంచె ఉండవు. హాఫ్‌టైమ్‌లో జనం ఒక గోల్ వెనక నుంచి ఇంకో గోల్ వెనక్కి నడిచి వెళ్తారు, తమ జట్టు ఏ గోల్ మీద దాడి చేస్తుందో ఆ వెనక్కి. ఈ నడక మొదలయ్యేలోగా తినడానికి లైనులో నిలబడాలి. 40వ నిమిషానికే కదలండి, విజిల్ వేశాక వెళ్తే రెండో సగం మొదటి పది నిమిషాలు క్యూలోనే గడుస్తాయి. బీరు తాగేవాళ్లకి ఇంకో సంగతి: 1985 చట్టం ప్రకారం పై అయిదు మెట్ల లీగుల్లో మైదానం కనిపించే చోట మందు తాగకూడదు. ఇక్కడ ఆ నిషేధం లేదు, గ్లాసు చేతిలో పట్టుకుని రెయిలింగ్‌కి ఆనుకుని ఆట చూడొచ్చు.

గ్రౌండ్‌లో శాకాహారులకి వెజ్ బర్గర్, చిప్స్ దొరుకుతాయి, రెండూ కలిపి పది పౌండ్ల దాకా అవుతాయి. వేడిగా ఉన్నాయి, అంతకు మించి చెప్పేదేం లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా చేరితే లార్డ్‌షిప్ లేన్ పక్కన నార్త్ క్రాస్ రోడ్ శనివారం సంతలో తిని రావడం మేలు. మ్యాచ్ అయ్యాక దోసె తినకుండా ఉండలేనివాళ్లు ఈస్ట్ డల్‌విచ్ నుంచి రైలెక్కి ట్యూల్స్ హిల్‌లో మారి టూటింగ్ వెళ్లండి. అక్కడి తమిళ, మలయాళీ హోటళ్లలో పొడి దోసె, సాంబారు దొరుకుతాయి. ఆ రోజంతా ముఖం ముడుచుకున్న బ్యాగు మనిషి అక్కడ రెండో దోసె చెప్పాకే నవ్వాడు.

మంగళవారం రాత్రి 7:45 మ్యాచ్ అయితే లెక్క మారుతుంది. ఆట తొమ్మిదిన్నర దాటాక ముగుస్తుంది. డెన్మార్క్ హిల్‌కి పావుగంట నడక, విక్టోరియాకి పది నిమిషాలు. రాత్రి పదిన్నర దాటాక లూయిస్ వైపు రైళ్లు పలచబడతాయి, చివరి రైలు వేళ వెళ్లేముందే చూసి పెట్టుకోండి. శనివారమైనా మంగళవారమైనా ఇంట్లోంచి కదిలేముందు రెండు క్లబ్బుల సోషల్ మీడియా ఖాతాలూ చూడండి. ‘పిచ్ ఇన్‌స్పెక్షన్’ (మైదానం తనిఖీ) అని కనబడితే ఆ ఫలితం వచ్చేదాకా చెప్పులు వేసుకోవద్దు. వాయిదా పడిన మ్యాచ్ చాలాసార్లు వారం మధ్య రాత్రికే మారుతుంది, కొన్న టికెట్ కొత్త తేదీకి చెల్లుతుందో లేదో క్లబ్ ప్రకటన చూసుకోండి.