క్విన్సీలో అబిగైల్ ఆడమ్స్ ఇల్లు తప్పక చూడండి, బస విషయంలో మాత్రం జాగ్రత్త

బోస్టన్ వెళ్లే మనవాళ్లు హార్వర్డ్ దగ్గర ఫొటోలు దిగి వెనక్కి వచ్చేస్తుంటారు. రెడ్ లైన్ రైలెక్కితే 2 డాలర్ల 40 సెంట్లకు క్విన్సీ చేరుకోవచ్చు. అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ సొంతూరు అది. నేను మాత్రం ఆయన భార్య అబిగైల్ కోసమే వెళ్లాను. బడికి వెళ్లి చదువుకున్న మనిషి కాదు. అయినా ఆ భార్యాభర్తలు రాసుకున్న ఉత్తరాలు వెయ్యికి పైగా నిలిచాయి.

ముందు బస సంగతి చెప్పేస్తాను, ఆ కడుపుమంట ఇంకా తగ్గలేదు. న్యూజెర్సీ నుంచి కారులో వెళ్తున్నాం కదా అని హైవే పక్కన ఒక హోటల్లో గది తీసుకున్నాం. ఆన్‌లైన్‌లో రాత్రికి 189 డాలర్లు, ఉదయం టిఫిన్ ఉచితం అని ఉంది. తీరా కౌంటర్ దగ్గరికెళ్తే సదుపాయాల ఫీజు అంటూ రాత్రికి 29, పార్కింగ్‌కి 22 అడిగారు. బుకింగ్ పేజీలో ఈ రెండూ ఎక్కడా లేవు. మా ఆయన స్క్రీన్‌షాట్ చూపించినా, అక్కడున్న అబ్బాయి తలెత్తకుండానే "మా పాలసీ అంతే" అన్నాడు. రెండు రాత్రులకు 102 డాలర్లు అదనంగా వదిలాయి. ఇక టిఫిన్ అంటే కాఫీ మెషిను, కవర్లో చుట్టిన తియ్యటి బన్ను. గుడ్డు కలిపారేమోనని మా అత్తయ్య దాన్ని ముట్టుకోలేదు. "ఇంత డబ్బు పోసి పస్తులుండాలా?" అని ఆవిడ అంటుంటే నాకు ఏడుపొచ్చింది. తర్వాత కార్డు బ్యాంకుకి ఫిర్యాదు చేస్తే ఆ ఫీజు 58 డాలర్లూ తిరిగొచ్చాయి, పార్కింగ్ డబ్బులు రాలేదు. బుక్ చేసేముందు మొత్తం బిల్లు ఎంతో ఈమెయిల్‌లో రాయించుకోండి.

ఆ చిరాకుతోనే, ఆ కుటుంబం ఇళ్లున్న ఆడమ్స్ నేషనల్ హిస్టారికల్ పార్కుకి వెళ్లాం. పెద్దవాళ్లకు టికెట్ 15 డాలర్లు. ఇళ్లను రేంజర్లే, అంటే పార్కు ఉద్యోగులే దగ్గరుండి చూపిస్తారు. అబిగైల్ 1764లో కాపురానికొచ్చిన ఇల్లు చిన్నది. వంటగదిలోని పెద్ద పొయ్యి ముందు నిలబడ్డాకే అత్తయ్య నోరు విప్పారు. "మొగుడు ఊళ్లు పట్టుకుని తిరుగుతుంటే ఇల్లెలా గడిచింది, అడుగు" అన్నారు. రేంజరమ్మ ఆ ప్రశ్నకు ఎంత సంతోషించిందో!

ఆయన ఫిలడెల్ఫియాలో, ఆ తర్వాత యూరప్‌లో ఉంటే పొలం, పిల్లలు, అప్పులు, కౌళ్లు అన్నీ ఈవిడే చూసుకుంది. 1775లో రాసిన ఉత్తరంలో గుండుసూదులు పంపమని అడిగింది. 7 షిల్లింగుల 6 పెన్నీలకు దొరికే కట్ట 20 షిల్లింగులు పెట్టినా దొరకట్లేదని రాసింది. ఆయన యూరప్ నుంచి పంపిన సామాను అమ్మించి లాభం తీసింది. ఆయనేమో పొలాలు కొందామంటాడు, ఈవిడ ధర పడిపోయిన ప్రభుత్వ బాండ్లు కొనింది. తర్వాత వాటికి పూర్తి విలువ దక్కింది. "లెక్క తెలిసిన మనిషి" అని అత్తయ్య తెగ మెచ్చుకున్నారు.

కొత్త చట్టాల్లో ఆడవాళ్లను మరిచిపోవద్దని 1776 మార్చి 31న ఆమె భర్తకు రాసిన మాట అందరికీ తెలిసిందే. ఆయన నవ్వొస్తోందని జవాబిచ్చాడు. నాకు అంతకన్నా గొప్పగా అనిపించింది ఆమె 1816లో రాసిన వీలునామా. పెళ్లయిన ఆడదాని ఆస్తి చట్టప్రకారం భర్తదే అయిన రోజుల్లో, ఇది నా సొమ్ము అని మనవరాళ్లకూ మేనకోడళ్లకూ పనిమనుషులకూ పంచి రాసింది. కొడుకులకు నామమాత్రంగా ఇచ్చింది తప్ప మిగతా అందరూ ఆడవాళ్లే. 1818లో ఆమె టైఫాయిడ్‌తో పోయాక జాన్ ఆడమ్స్ దాన్ని తు.చ. తప్పకుండా అమలు చేయించాడు. అందుకు ఆయన్నీ మెచ్చుకోవాలి.

లండన్ నుంచి వచ్చాక వాళ్లుండిన పీస్‌ఫీల్డ్ ఇల్లు చూసి అబిగైల్ మొదట నిరాశపడిందట. టోపీలో ఈకలు పెట్టుకుని రావద్దు, అల్లుడు మడమల బూట్లు వేసుకుంటే నిటారుగా నడవలేడు అని కూతురికి రాసింది. మా ఆయన ఆరడుగుల మనిషి, పాత గదుల్లో తలుపు దగ్గరికొచ్చినప్పుడల్లా తల వంచాల్సి వచ్చింది. తర్వాత ఆమే దగ్గరుండి కట్టించిన పెద్ద హాలు మాత్రం విశాలంగా ఉంది, అక్కడ తొందరపడకండి. ఆ కూతురికే 1811లో ఇదే ఇంట్లో మత్తుమందు లేకుండా రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేశారు. అది విన్నాక అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు.

రాళ్లతో కట్టిన చర్చి కింద గదిలో జాన్ ఆడమ్స్, ఆయన కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్ అనే ఇద్దరు అధ్యక్షుల సమాధులు, వాళ్ల భార్యల సమాధులు ఉన్నాయి. అది పది నిమిషాల పని.

మధ్యాహ్నం ఒక వియత్నామీస్ హోటల్లో కూరగాయలు, టోఫు వేసిన అన్నం 13 డాలర్లకు తిన్నాం. చేపల సాసు వద్దంటే వంటాయనే బయటికొచ్చి విడిగా చేస్తానన్నాడు. అత్తయ్య గిన్నె ఖాళీ చేసి, పచ్చిమిర్చి ఇంకో రెండు అడిగి తెప్పించుకున్నారు.

చలికాలంలో ఇళ్లు మూసేస్తారు కాబట్టి తేదీలు చూసుకుని వెళ్లండి. పూట మాత్రమే ఉంటే చర్చి వదిలేసి ఇళ్లు చూడండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే మేడమెట్ల సంగతి ముందే అడగండి.