రూ.2,500 పెట్టి కొన్న స్క్రిప్టు ప్యాక్ మా బ్యాకప్‌నే ఊడ్చేసింది, కొనేవాళ్లు జాగ్రత్త

మిర్యాలగూడ చుట్టుపక్కల ఐదు రైస్ మిల్లుల ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. అన్నీ కలిపి ముప్పై సిస్టమ్‌ల దాకా ఉంటాయి. యాసంగి వడ్లు దిగే రోజుల్లో ప్రింటర్ ఆగిందంటే కాంటా దగ్గర లారీలు వరుస కడతాయి. ఫోన్ రాగానే బండి తీసుకుని వేములపల్లి వైపు ఉరకాల్సిందే. ఆ తిరుగుడు తగ్గుతుందన్న ఆశతోనే ఈ ప్యాక్ కొన్నాను.

ఒక వాట్సాప్ గ్రూపులో ప్రకటన కనిపించింది. విండోస్ అడ్మిన్ పనులన్నీ ఒక్క క్లిక్‌తో అయిపోతాయి, అరవై స్క్రిప్టులు (కంప్యూటర్ వరసగా చేయాల్సిన కమాండ్లు రాసి ఉంచిన ఫైళ్లు), విండోస్ 11 స్పెషల్ అని. టెంప్ ఫైళ్లు తీసేయడం, ప్రింట్ స్పూలర్ (ప్రింట్ పనులను వరసలో పెట్టి ప్రింటర్‌కు పంపే సర్వీసు) రీస్టార్ట్, యూజర్లను పెట్టడం, రోజూ సాయంత్రం బ్యాకప్, అన్నీ ఉన్నాయన్నారు. యూపీఐలో డబ్బు పంపాను, జిప్ ఫైలు వచ్చింది. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయను. రేపు ఇంకో పేరుతో అదే సరుకు అమ్ముతారు, కాబట్టి సరుకును గుర్తుపట్టడం ముఖ్యం.

మొదటి నెల బాగానే గడిచింది. స్పూలర్ స్క్రిప్టు నిజంగానే పనిచేసింది. అందులో పెద్ద విద్యేమీ లేదని తర్వాత తెలిసింది: సర్వీసు ఆపడం, స్పూల్ ఫోల్డర్‌లో ఇరుక్కున్న ఫైళ్లు తీసేయడం, మళ్లీ మొదలుపెట్టడం. మూడు లైన్లు.

అసలు దెబ్బ బ్యాకప్ దగ్గర తగిలింది. ఒక మిల్లులో కంప్యూటర్ బాగా నెమ్మదించిందని కొత్త ఎస్ఎస్‌డీ వేసి విండోస్ మళ్లీ ఎక్కించాను. లెక్కల డేటా పాత డిస్క్‌లోనే ఉంచాను. కొత్త ఎస్ఎస్‌డీలోని రెండో భాగం డి డ్రైవ్ అయింది, పాత డిస్క్ ఇ డ్రైవ్‌గా మారింది. లెక్కల సాఫ్ట్‌వేర్‌కు కొత్త దారి చూపించాను, ఈ ప్యాక్‌ను కూడా మళ్లీ రన్ చేశాను. స్క్రిప్టులో మాత్రం డి డ్రైవ్ అనే రాసి ఉంది. పైగా ఆ ఫోల్డర్ లేకపోతే కొత్తది సృష్టించమని ఒక లైను. అంటే ఖాళీ ఫోల్డర్ తయారుచేసి, దాన్ని రోబోకాపీతో, అంటే విండోస్‌లోనే ఉండే ఫైళ్ల కాపీ కమాండ్‌తో, బ్యాకప్ కంప్యూటర్‌కు పంపింది. రోబోకాపీకి పెట్టిన ఆప్షన్ స్లాష్ ఎంఐఆర్, అంటే మిర్రర్. ఇటు లేనిది అటు కూడా ఉండకూడదని దాని అర్థం. ఇటు ఏమీ లేదు కాబట్టి అటు ఉన్న మూడేళ్ల లెక్కలన్నీ పోయాయి.

తెర మీద ఆకుపచ్చ అక్షరాలతో 'బ్యాకప్ సక్సెస్' అని వచ్చింది. అబద్ధమూ కాదు. రోబోకాపీ పని ముగిశాక ఒక నంబరు కోడ్ ఇస్తుంది; దాని లెక్కలో 8, అంతకు పైన వస్తేనే ఫెయిల్. గమ్యంలో అదనపు ఫైళ్లు కనిపించాయన్నదానికి వచ్చేది 2. ఆ పచ్చ లైను చూసి నేను పన్నెండు రోజులు నిమ్మళంగా ఉన్నాను. ఒక్కసారి బ్యాకప్ ఫోల్డర్ తెరిచి చూస్తే తెలిసేది, చూడలేదు. ఆ తప్పు నాదే.

పదమూడో రోజు పాత డిస్క్ చచ్చింది. కంప్యూటర్ నెమ్మదించడానికి కారణం అదేనని అప్పుడు అర్థమైంది. గుమాస్తాగారు తన తృప్తి కోసం అప్పుడప్పుడూ పెన్ డ్రైవ్‌లో కాపీ వేసుకునేవారు. "ఈ కాలంలో ఇంకా పెన్ డ్రైవ్ ఏంది సార్" అని నవ్వేవాణ్ని. అందులో తొమ్మిది రోజుల కిందటి కాపీ దొరికింది. మిగతా తొమ్మిది రోజుల ఎంట్రీలు కాంటా చీటీలు ముందేసుకుని నాలుగు రాత్రులు ఇద్దరం మళ్లీ కొట్టాం. సేటు నన్ను ఒక్క మాట అనలేదు, అది ఇంకా కష్టంగా ఉండింది.

ఆ తర్వాత కూర్చుని ఒక్కో స్క్రిప్టు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదివాను. బ్యాకప్ సంగతి అమ్మినవాడి తెలివితక్కువతనం అనుకోవచ్చు. మిగతాది అలా అనుకోలేను. సి డ్రైవ్ మొత్తాన్ని డిఫెండర్ (విండోస్‌తో వచ్చే యాంటీవైరస్) స్కాన్ నుంచి మినహాయించే లైను ఉంది. విండోస్ కమాండ్లు నడిపే పవర్‌షెల్‌లో ఏ స్క్రిప్టులు నడవాలో చెప్పే ఎగ్జిక్యూషన్ పాలసీని మొత్తం మెషీన్‌కు బైపాస్ చేసే లైను ఉంది. 'సపోర్ట్' పేరుతో ఒక అడ్మిన్ అకౌంట్, దాని పాస్‌వర్డ్ స్క్రిప్టులోనే బహిరంగంగా. అంటే ఈ ప్యాక్ కొన్న ప్రతి ఒక్కరి కంప్యూటర్‌లో అదే తాళంచెవి. అన్నిటికంటే టెన్షన్ పెట్టింది టాస్క్ షెడ్యూలర్‌లోని (పనులను వాటంతటవే మొదలుపెట్టే విండోస్ సాధనం) ఒక టాస్క్: కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ సిస్టమ్ హక్కులతో, అంటే విండోస్‌కే ఉండే పూర్తి అధికారంతో, ఎక్కడి నుంచో ఒక ఫైలు దింపుకుని నడిపిస్తుంది. ఆ లైను ఎన్‌కోడెడ్ కమాండ్ రూపంలో, చదవడానికి రాని అక్షరాల గుట్టగా ఉంది. అడ్మిన్‌గా రన్ చేయండి అంటే చేసింది నేనే కదా!

విండోస్ 11 స్పెషల్ అన్నదీ ఒట్టి మాటే. పావు వంతు వీబీస్క్రిప్టు అనే పాత స్క్రిప్టు భాషలో రాసిన ఫైళ్లు. దాన్ని వదిలేస్తున్నామని మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబర్‌లోనే ప్రకటించింది. కొన్నింటిలో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టినవాళ్ల కామెంట్లు కూడా చెరపకుండా అలాగే ఉన్నాయి.

డబ్బు వెనక్కి అడిగితే "మీకు వాడటం రాదు" అన్నారు, రెండో మెసేజ్‌కు బ్లాక్ చేశారు. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా.

కొనాలనే అనుకుంటే, స్క్రిప్టులు మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఇస్తారా అని ముందే అడగండి. ఈఎక్స్ఈ (లోపల ఏముందో తెరిచి చదవలేని ప్రోగ్రామ్ ఫైలు) మాత్రమే ఇస్తామంటే అక్కడే వదిలేయండి. చేతికి వచ్చాక ఏదైనా పాత కంప్యూటర్‌లో ముందు నడపండి. రోబోకాపీకి స్లాష్ ఎల్ తగిలిస్తే ఏం కాపీ అవుతుందో, ఏం పోతుందో జాబితా మాత్రమే చూపిస్తుంది, ఫైళ్లను ముట్టదు. పవర్‌షెల్‌లో చెరిపే కమాండ్లకు వాట్‌ఇఫ్ అదే పని చేస్తుంది.

ఇప్పటికే ఇలాంటి ప్యాక్ రన్ చేసినవాళ్లు ఈ రోజే నెట్ కేబుల్ తీసి చూడండి. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ యూజర్ కొడితే తెలియని అకౌంట్ బయటపడుతుంది. విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ (స్కాన్ నుంచి మినహాయించిన వాటి జాబితా) చూడండి, టాస్క్ షెడ్యూలర్‌లో మీరు పెట్టని టాస్కులు చూడండి. అవి తీసేసినంత మాత్రాన నాకు నమ్మకం కుదరలేదు. ముప్పై సిస్టమ్‌లకూ విండోస్ మళ్లీ ఎక్కిస్తున్నాను, ఇంకా పదకొండు మిగిలాయి.